నాపరాయి కరెంటు

బెంగళూరు,
14 జూన్ 1999.

మామా,

నీకూ అత్తకూ వందనాలు. నువ్వు బస్సులో పంపిన కారం పొడి చేరింది. హాస్టల్లో ముగ్గురం కూర్చుని నాలుగు రోజుల్లో డబ్బా అడుగు చూశాం. నా గదిలో ఉండే కేరళ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే ఇంకో ముద్దలో కలుపుకుంది.

పోయిన జాబులో నన్ను గట్టిగానే అడిగావు: "మూడేండ్ల నుంచి ఆ గదిలో ఏం చేస్తాండావే? మీ అమ్మనడిగితే ఏదో ఫిజిక్సు అంటాది. అడిగినోళ్లకు నేనేం చెప్పల్ల?" అని. సరే, విను. నా దగ్గర బియ్యపు గింజంత రాయి ఒకటి ఉంది. దాని ఒక చివర మీద సన్నగా వెలుగు పడేలా చేస్తాను. ఆ చివర కొంచెం వేడెక్కుతుంది, రెండో చివర చల్లగానే ఉంటుంది. ఆ తేడాకు రాయిలోని ఎలక్ట్రాన్లు వేడి వైపు నుంచి చల్లటి వైపుకు జరుగుతాయి. అంటే కరెంటు పుడుతుంది. ఎంత వేడికి ఎంత వోల్టేజీ పుట్టిందో కొలవడమే నా పని. హీటరు పెట్టి కూడా వేడి చేయొచ్చు గానీ, ఇంత చిన్న రాయికి హీటరు తగిలిస్తే దాని తీగలే సగం వేడిని తాగేస్తాయి. అందుకే తాకకుండా వెలుగుతో వేడి చేస్తాం. ఇలాంటి పదార్థాల్లో ఎలక్ట్రాన్లు మామూలు లెక్కకు లొంగవు, వాటిది క్వాంటం లెక్క. అది చెప్పబోతే నువ్వు జాబు మడిచి పెట్టేస్తావు కాబట్టి వదిలేస్తున్నాను. రాయి ఎలా ఉంటుందంటావా, ముదురు బూడిద రంగు, పలకలు పలకలుగా ఊడి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇదే రాయిని లోకంలో ఇంతకు ముందు కొలిచిన వాళ్లందరికీ వచ్చిన అంకె కంటే నాకు మూడు రెట్లు ఎక్కువ వచ్చింది! పది సార్లు కొలిచాను, పది సార్లూ అంతే. మా గైడు బాలసుబ్రహ్మణ్యం గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. ఆయన అంత చేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఇది ఎంత అవసరమో నీకు ఒక్కడికే చెబుతున్నాను. నా ఫెలోషిప్ ఆగస్టుతో అయిపోతుంది. ఇంకా పొడిగించాలంటే కమిటీ ఒప్పుకోవాలి. లేదంటే పట్టా లేకుండానే పెట్టె సర్దుకుని జమ్మలమడుగు వచ్చి, అమ్మ పని చేసే బడిలోనే లెక్కలు చెప్పుకోవాలి. అది చెడ్డ పని అనడం లేదు, నాకు వద్దు అంటున్నాను. ఈ అంకె నిలబడితే నేనిక్కడ నిలబడతాను.

ఎవరికీ చెప్పొద్దు మామా.

నీ విమల

ప్రొద్దుటూరు,
22 జూన్ 1999.

విమలకు మామ దేవపాలు దీవెనలు. ఇక్కడ అందరం ప్రభువు కృపలో ఉన్నాం, మీ అత్త మోకాలు ఒక్కటే ఉండవలసినట్టు లేదు.

ఎవరికీ చెప్పొద్దన్నావు. చెప్పలేదు. కమాల్ బాషాకు చెప్పాను. వాడు పదకొండేళ్లుగా నా పక్కన నిలబడి ప్రొజెక్టర్ తోలుతున్న అసిస్టెంటు, వాడిని ఎవరో అనడం బాగుండదు. టాకీసు ఓనరు కాశీవిశ్వనాథం శెట్టిగారికి చెప్పాను. జీతమిచ్చే మనిషి దగ్గర దాచకూడదు. ఇంటర్వెల్లో టీ అంగడి దగ్గర ఇంకొందరు విన్నారంటే అది వాళ్ల చెవుల తప్పు, నా నోటి తప్పు కాదు.

అక్కడ ఉస్మాన్ అని ఒక రైతు ఉన్నాడు. సింహాద్రిపురం మనిషి, చీనీకాయల తోట ఉంది. వోల్టేజీ చాలక బోరు మోటారు కాలిపోతే చుట్టించుకోవడానికి ప్రొద్దుటూరు వచ్చాడు. ఈ ఏడాదికి ఇది రెండోసారి. పాపం మనిషి సగమైపోయాడు. నా మాట విని టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"ఆ రాయి ఏ రంగుంటాదప్పా?"

"బూడిద రంగు. పలకలు పలకలుగా ఊడొస్తాదంట."

"అట్లయితే అది నాపరాయే కదప్పా!"

అందరూ కాళ్ల కింద చూసుకున్నారు. కింద పరిచింది నాపబండే! విమలా, నిజం చెప్పు. జమ్మలమడుగులో మీ అమ్మ ఇంటి నేల నాపరాయి, మా టాకీసు మెట్లు నాపరాయి, ఎర్రగుంట్ల పోతే తవ్వినంత దూరం నాపరాయి. ఎండాకాలం మధ్యాన్నం మా అరుగు మీద కాలు పెడితే బొబ్బలు లేస్తాయి. ఇన్నేళ్లూ మనం కరెంటు మీద నడిచి, రాత్రి దీపాల్లేక తిట్టుకున్నామా? నేనైతే నమ్మేశాను. నువ్వు జాబులో రాసిన మాటకు అది అచ్చంగా సరిపోతుంది.

ఇంకోటి. ఎలక్షన్ల గాలి మొదలైంది. మన ఊర్లో రెండు పార్టీలు నీకు తెలిసినవే. ఒకళ్లు జీపుల్లో తిరుగుతారు, ఒకళ్లు సుమోల్లో తిరుగుతారు, జెండాలు చూడనక్కరలేదు. ఆ పొద్దు టీ అంగట్లో జీపులోళ్లు ఇద్దరు, సుమోలోళ్లు ముగ్గురు ఉన్నారు. రెండు పక్కల వాళ్లూ మాట్లాడకుండా లేచిపోయారు. ఎప్పుడూ లేంది వాళ్లు మాట్లాడకుండా పోవడం నాకు నచ్చలేదు.

తొందరగా రాయి.

మీ మామ,
దేవపాలు, ఆపరేటరు

బెంగళూరు,
1 జూలై 1999.

మామా!

నాపరాయి కాదు! కాదు, కాదు, కాదు. నీ జాబు చదివి గదిలో ఒక్కదాన్నే అరిచాను.

ఈ రాయిని నేనే తయారు చేశాను. బిస్మత్, టెల్లూరియం అని రెండు లోహాల్లాంటివి ఉంటాయి. రెండూ తూకం వేసి, గాజు గొట్టంలో పెట్టి, గాలి తీసేసి, మూతి కరిగించి మూసి, కొలిమిలో పన్నెండు రోజులు ఉంచితే ఈ రాయి వస్తుంది. తవ్వితే వచ్చేది కాదు. పలకలుగా ఊడుతుంది అన్నంత మాత్రాన నాపబండ అయిపోతుందా? అప్పడాల కట్ట కూడా పలకలుగానే ఊడుతుంది కదా!

ఇంకా విను. నేను మూడు రెట్లు అన్నది దేనికి మూడు రెట్లో నువ్వు అడగలేదు. నా రాయి నుంచి వచ్చేది టార్చి లైటులో వేసే ఒక్క సెల్లులో ఎనిమిది వేలో వంతు. దాంతో మోటారు కాదు, మిణుగురు పురుగు కూడా వెలగదు. ఇది కరెంటు తయారు చేయడానికి కాదు, రాయి లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి. ఆ ఉస్మాన్ అన్నకు ఈ మాట నువ్వే నిదానంగా చెప్పు. ఆశ పెట్టి తీసేయడం పాపం.

మా గైడు నా అంకెతో ఒక సంగ్రహం రాసి బొంబాయిలో జరిగే సదస్సుకు పంపించేశారు. కమిటీ ఆగస్టు 19న కూర్చుంటుంది. నాకు ఆకలి తెలియడం లేదు, కానీ సంతోషంతోనే. అమ్మకు ఫోన్ చేస్తే, "నువ్వు తిన్నావా లేదా ముందు చెప్పు" అంది. మూడు రెట్ల సంగతి చెప్పే సందు దొరకలేదు.

మళ్లీ చెబుతున్నా. ఇక ఆపు.

విమల

ప్రొద్దుటూరు,
10 జూలై 1999.

విమలా, దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నన్ను కూడా.

నువ్వు ఆపమన్నావని నీ జాబును టీ అంగడి దగ్గర నేనే బయటికి చదివాను. తప్పు దిద్దుదామనే చదివాను, ఒట్టు. నేను చదివింది ఒకటి, వాళ్లు విన్నది ఒకటి. "ఎనిమిది వేలో వంతు" అనగానే ఒకాయన లేచి, "అంటే ఎనిమిది వేల రాళ్లు పెడితే ఒక సెల్లన్నమాట. మన జిల్లాలో రాళ్లకేం కరువప్పా!" అన్నాడు. "పన్నెండు రోజులు కొలిమిలో" అన్న చోటికి వచ్చేసరికి ఇంకొకాయన, "సున్నం బట్టీ మాదిరే. నాపరాయిని కాల్చల్ల, అంతే" అన్నాడు. బిస్మత్ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇక జరిగింది చెబుతాను, కూర్చుని చదువు. పోయిన ఆదివారం జీపులోళ్లు జమ్మలమడుగులో మీటింగు పెట్టి, గెలిస్తే అక్కడ "విమల కరెంటు ఫ్యాక్టరీ" పెడతామన్నారు. సోమవారం సుమోలోళ్లు పులివెందులలో మైకు పట్టుకుని, ఫ్యాక్టరీ పులివెందులలోనే, చీనీ రైతులకు ముందుగా ఇస్తామన్నారు. మంగళవారం పొద్దున రెండు పార్టీల వాళ్లూ దండలు పట్టుకుని మీ అమ్మ ఇంటికి పోయారు, అదీ ఒకే సమయానికి! మా అక్క కరుణమ్మ సంగతి నీకు తెలుసు కదా. జీపులోళ్లను ముందు గదిలో, సుమోలోళ్లను వంటింట్లో కూర్చోబెట్టి, మధ్య తలుపు వేసి, ఇద్దరికీ టీ ఇచ్చి, "నాకు బడికి పొద్దు పోతాంది, తాగి గ్లాసులు కడిగిపోండి" అని తాళం చెవి పక్కింటి వెంకటమ్మకిచ్చి వెళ్లిపోయింది. కడిగారట.

నవ్వకు. ఆగస్టు 8న పులివెందులలో సుమోలోళ్ల పెద్ద మీటింగు, అదే పొద్దు జమ్మలమడుగులో జీపులోళ్లది. రెండు స్టేజీల మీదా నన్నే ఎక్కిస్తామంటున్నారు. ఈ ఊర్లో ఒక బండి ఎక్కితే రెండో బండికి ఎదురు నిలబడ్డట్టే. మీ అత్త, "నోరు మూసుకోమంటే ముప్పై ఏండ్ల నుంచి మూసుకోలే, ఇప్పుడేమయిందో జూడు" అంటోంది. నాకు కొంచెం భయంగానే ఉంది, కమాల్ బాషాకు చెప్పలేదు.

శుక్రవారం ఇంకో గొడవ. ఫస్టు షో పాట మధ్యలో ఫిల్ము, అది జారే ఇనుప సందు గేట్లో ఇరుక్కుంది. నీకు తెలుసో లేదో, మా ప్రొజెక్టర్లో కార్బన్ కడ్డీల వెలుగు ఎంత వేడంటే, ఫిల్ము కదులుతున్నంత సేపే బతుకుతుంది, ఆగితే కాలిపోతుంది. హీరోయిన్ మొహం తెర మీద బుడగలు లేచింది. నేను అడ్డరేకు దించాను. దించిన క్షణమే తెర చీకటైపోయింది గానీ, గేటు ముట్టుకుంటే పది నిమిషాల తర్వాత కూడా వేలు కాలింది. బొబ్బ ఇప్పటికీ ఉంది. వెలుగు వెంటనే పోతుంది, వేడి నిదానంగా పోతుంది, ముప్పై ఏళ్లుగా చూస్తున్నా. అప్పుడు నీ సంగతి గుర్తొచ్చింది. నీ రాయి మీద వెలుగు ఆపితే నీ మీటరు ముల్లు కూడా అట్లే మెల్లగా దిగుతుంది కదా? టీ అంగడిలో అడిగితే చెప్పడానికి ఉంటుంది, రాయి.

మామ

బెంగళూరు,
18 జూలై 1999, ఆదివారం.

మామా,

అమ్మ గ్లాసులు కడిగించిన చోట పొట్ట పట్టుకుని నవ్వాను. ఆఖరి పేరాకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

నేను ఎప్పుడూ చూడలేదు మామా. వెలుగు వేసి, ముల్లు నిలబడేదాకా ఆగి, అంకె రాసుకునేదాన్ని. వెలుగు ఆపాక నేరుగా క్యాంటీనుకు పోయేదాన్ని. ఎన్ని నెలలు! ముల్లు ఎలా దిగుతుందో ఒక్కసారి కూడా నిలబడి చూడలేదు.

నీ జాబు చేతిలో పట్టుకునే ల్యాబుకు పోయాను. వెలుగు వేశాను, ముల్లు లేచింది. ఒక అట్టముక్క అడ్డం పెట్టాను. ముల్లు టక్కున మూడింట రెండు వంతులు పడిపోయింది. మిగిలిన వంతు మాత్రం నిదానంగా, అర నిమిషం పట్టి దిగింది. మళ్లీ చేశాను. ఇరవై సార్లు చేశాను. నువ్వు చెప్పిందే నిజం, వేడి టక్కున పోదు. టక్కున పోయిందంటే అది వేడి వల్ల వచ్చింది కాదు. రాయికి తీగలు అతికించడానికి వెండి పూత పెడతాను. ఆ పూత అంచు మీద వెలుగు పడి, వేడితో పని లేకుండా నేరుగా వోల్టేజీ పుట్టిస్తోంది. దాన్ని కూడా నేను వేడి ఖాతాలో వేసుకున్నాను. అది తీసేస్తే మిగిలేది అందరికీ వచ్చిన పాత అంకే. మూడు రెట్లు లేదు. నా దగ్గర కొత్తది ఏమీ లేదు.

శానా ఏడ్చాను మామా.

గైడు ఢిల్లీ వెళ్లారు, వచ్చే సోమవారం వస్తారు. సంగ్రహం బొంబాయికి పోయింది. కమిటీ ఆ అంకె చూసే కూర్చుంటుంది. ఇది ఎవరికీ తెలియదు, నీకూ నాకూ తప్ప. ఇంకెవరైనా నా ప్రయోగం మళ్లీ చేసి పట్టుకోవాలంటే ఏడాదైనా పడుతుంది. ముందు ఫెలోషిప్ పొడిగించుకుని, ఆ తర్వాత మెల్లగా నేనే తప్పు కనిపెట్టినట్టు చెబితే ఏం పోతుంది అని ఒక బుద్ధి చెబుతోంది. అది చెడ్డ బుద్ధి అని తెలుసు. అయినా పోవడం లేదు.

నువ్వైతే ఏం చేస్తావు? సోమవారం లోపల నాకు జవాబు కావాలి.

విమల

ప్రొద్దుటూరు,
22 జూలై 1999.

అమ్మా విమలా,

ఈ జాబు పోస్టులో వేస్తే అందదని బెంగళూరు బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నాను. బస్టాండుకు పోయి అడిగి తీసుకోమని మీ హాస్టలుకు ఫోన్ చేసి చెబుతాను.

ముందు నా గోడు. నేను ఊరంతా గొప్పలు చెప్పుకున్నది నీ అంకె మీద. ఆ అంకెను పడగొట్టింది నా నోరే. ఇంత తెలివిగా ఎవడైనా కొంప ముంచుకుంటాడా? మీ అత్తకు చెబితే నవ్వి నవ్వి మోకాలు నొప్పి మర్చిపోయింది.

ఇప్పుడు నీ సంగతి. నేను కొత్తగా ఆపరేటరు అయిన ఏడాది, ఒక పొద్దు మూడో రీలు బదులు తొమ్మిదో రీలు ఎక్కించాను. రెండు నిమిషాలకు నాకే తెలిసింది. ఆపి, లైట్లు వేసి, మళ్లీ ఎక్కిస్తే జనం ఈలలు వేస్తారు, ఓనరు తిడతాడు. ఎవరు కనిపెడతారులే అని నడిపించేశాను. రీలంతా అయ్యేదాకా ఎవరూ కనిపెట్టలేదు కూడా. ఆ తర్వాత మూడో రీలు వేశాను. తొమ్మిదో రీలులో చచ్చిపోయిన విలన్, మూడో రీలులో గుర్రమెక్కి వచ్చాడు! ఇక చూసుకో, కుర్చీలు లేచాయి. ముందే ఆపి ఉంటే ఈలలతో పోయేది. దాచి నడిపించినందుకు కుర్చీలదాకా వచ్చింది. ఆ కుర్చీల మరమ్మతు ఆరు నెలలు ఆదివారాలు వచ్చి నేనే చేశాను.

అందుకని సోమవారం మీ సారు గదిలోకి పోయిన వెంటనే చెప్పెయ్. కూర్చోమనేదాకా కూడా ఆగకు. ఫెలోషిప్ పోతే పోతుంది. జమ్మలమడుగు వస్తావు, మా అక్క వంట తింటావు. నీకు అది ఇష్టం లేదని నాకు తెలుసు. నాకూ ఇష్టం లేదు. నువ్వు అక్కడ ఉండాలనే నా ప్రాణం కొట్టుకుంటోంది. అయినా చెప్పెయ్.

కండక్టర్ దగ్గర ఒక పొట్లం కూడా ఉంటుంది. మా పాత ప్రొజెక్టర్ షట్టర్ అది. చూడటానికి రెండు రెక్కల ఫ్యాను మాదిరి రేకు. కటకం ముందు గిరగిరా తిరుగుతూ వెలుగును కోసి కోసి వదులుతుంది. నిదానంగా తిప్పితే వేడీ వెలుగూ రెండూ దాని వెంట లేచి పడతాయి. వేగంగా తిప్పితే వేడికి లేచి పడే తీరిక ఉండదు, వెలుగుకు మాత్రం ఉంటుంది. నీకు ఏదో పనికొస్తుందని కమాల్ బాషా తుప్పు గీకి నూనె పెట్టాడు.

నువ్వు చెప్పు, తర్వాత నేనూ ఊర్లో చెబుతాను.

మామ

బెంగళూరు,
28 జూలై 1999.

మామా,

చెప్పేశాను. నిలబడే చెప్పాను. గైడు నా పుస్తకం తీసుకుని పావుగంట చదివారు. ఆ పావుగంటలో ఆయన గోడ మీద క్యాలెండర్లో ఎన్ని ఆదివారాలున్నాయో లెక్కపెట్టాను.

చివరికి, "ముల్లు ఎలా దిగుతుందని నిన్ను ఎవరు అడిగారు?" అన్నారు.

"మా మామ సార్. ప్రొద్దుటూరులో సినిమా ఆపరేటరు."

ఆయన నవ్వలేదు. "నేను అడగాల్సింది" అన్నారు. అంతే. బొంబాయికి అప్పటికప్పుడు టెలిగ్రాం ఇచ్చి సంగ్రహం వెనక్కి తీసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. బయటికి వచ్చేటప్పుడు మాత్రం నిజం దాచలేదు, "కమిటీ ముందు ఇక నీ దగ్గర పాత అంకే ఉంది. దానికి గడువు పొడిగించమని అడగడం కష్టం" అన్నారు.

మా ల్యాబులో వెలుగును కోసే యంత్రం ఒకటి ఉంది గానీ, పక్క గుంపు వాళ్లు నాలుగు నెలలకు రాసిపెట్టుకున్నారు. నీ షట్టర్ను ఒక టేబుల్ ఫ్యాను మోటారుకు బిగించాను. పనిచేస్తోంది! నిదానంగా ఒకసారి, వేగంగా ఒకసారి తిప్పి కొలిస్తే, వెలుగు వల్ల వచ్చింది ఎంతో, వేడి వల్ల వచ్చింది ఎంతో విడిగా తెలుస్తోంది. ఇప్పుడు రాత్రింబగళ్లు దాంతోనే ఉన్నాను. కమిటీకి ఇంకా మూడు వారాలుంది.

ఒక్క మాట విను. నువ్వు ఊర్లో ఏమీ చెప్పొద్దు. ఎలక్షన్లు అయిపోతే వాళ్లే మర్చిపోతారు. ఆ రోజు ఒంట్లో బాగాలేదని చెప్పి రెండు మీటింగులకూ పోకు. ఆ జీపుల వాళ్లకూ సుమోల వాళ్లకూ కోపం వస్తే ఏం చేస్తారో నాకు తెలుసు, నేను కూడా ఆ జిల్లాలోనే పెరిగాను. నాకు చాలా భయంగా ఉంది.

నీ విమల

ప్రొద్దుటూరు,
9 ఆగస్టు 1999.

విమలమ్మకు దీవెనలు. మామ క్షేమం. పళ్లు కూడా అన్నీ ఉన్నాయి.

నన్ను దాచమన్నావు చూడు, నాకు నవ్వొచ్చింది. నిన్ను దాచమన్న ఆ చెడ్డ బుద్ధినే ఇప్పుడు నాకు చెబుతున్నావు!

చెప్పాలని అనుకున్నాక నాకు దొరికిన చిక్కు ఇది. ముందు జీపులోళ్లకు చెబితే సుమోలోళ్లు నన్ను జీపులోళ్లు కొన్నారంటారు. ముందు సుమోలోళ్లకు చెబితే ఇటు వైపు అదే మాట. ఇద్దరికీ ఒకే క్షణం తెలియాలి. ఈ ఊర్లో ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద కూర్చునే చోటు ఒక్కటే, మా టాకీసు. అక్కడ కూడా జీపులోళ్లు ఎడమ పక్క, సుమోలోళ్లు కుడి పక్క, మధ్యలో రెండు వరుసలు ఖాళీ.

శనివారం మ్యాట్నీకి ఇంటర్వెల్లో స్లైడు వేశాను. గాజు పలకకు దీపం మసి పట్టించి, మీ అత్త కుట్టు సూదితో నేనే గీశాను. "ప్రేక్షకులకు మనవి. విమల కరెంటు ఇప్పట్లో రాదు. నాపరాయి నుంచి ఎప్పటికీ రాదు. పాప సరిగానే చెప్పింది, తప్పుగా చెప్పింది నేను. ఆపరేటర్ దేవపాలు." నేను కిటికీ దగ్గర నిలబడదామని కమాల్ బాషాను పెట్టమంటే వాడు తిరగేసి పెట్టాడు. అక్షరాలన్నీ అద్దంలో మాదిరి వచ్చాయి. జనం ఈలలు. తీసి, సరిగా పెట్టాడు. ఈలలు ఆగాయి.

పైన కిటికీ నుంచి చూస్తున్నాను. జీపులోళ్లు సుమోలోళ్ల వైపు చూశారు, సుమోలోళ్లు జీపులోళ్ల వైపు చూశారు. ముందు ఎవరికి కోపం వస్తుందో అని ఇద్దరూ కాచుకున్నారు. ఒకడు మోసపోయుంటే రెండోవాడు నవ్వేవాడు. ఇద్దరూ సమానంగా మోసపోయారు, ఇక ఎవడు ఎవడిని అనాలి? బెంచీ క్లాసులో ఎవరో, "ఓ ఆపరేటరూ, కరెంటు రాకపోతే పోనీ, సినిమా అన్నా వస్తాదా?" అని అరిచారు. హాలంతా పగలబడి నవ్వింది. ఎడమ పక్కా నవ్వారు, కుడి పక్కా నవ్వారు. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. శెట్టిగారు వచ్చి, "స్లైడుకు నన్ను అడగల్ల కదా దేవపాలూ" అని మాత్రం అన్నారు. నిన్న రెండు మీటింగులూ జరిగాయి, రెండు చోట్లా ఫ్యాక్టరీ మాట లేదు. రెండు పార్టీలూ ఇప్పుడు రోడ్లు వేయిస్తామనే మాట మీద పడ్డాయి.

షో అయ్యాక ఉస్మాన్ మెట్లెక్కి నా గదికి వచ్చాడు. ఆ మనిషి మొహం చూసే ధైర్యం నాకు లేదు. తల దించుకునే, "తప్పయిపోయింది ఉస్మానూ" అన్నాను.

"ఐదు ఎలక్షన్లు జూసినా దేవపాలప్పా" అన్నాడు. "వస్తాది, వస్తాది అన్నోళ్లే అందరూ. రాదు అని మా మొగం మీద చెప్పినోడు ఇంతవరకు ఒక్కడూ లేడు. మీ పాపను చదువుకోనీ. వచ్చిన పొద్దు చెప్పమను. ఆయమ్మ చెప్తే నేను నమ్ముతా."

అదీ సంగతి. 19న ఏమవుతుందో నాకు తెలియదు. పోయి చెప్పి రా.

మీ మామ,
దేవపాలు

బెంగళూరు,
21 ఆగస్టు 1999.

మామా,

నిన్న రాద్దామని కూర్చుని రెండు కాగితాలు చించేశాను.

కమిటీలో ఐదుగురు. మధ్యలో కూర్చున్న పెద్దాయన నా కాగితాలు తిరగేసి, "జూన్లో మీ అంకె మూడు రెట్లు. ఇప్పుడు అందరిదే మీదీ. రెండు నెలల్లో మీరు వెనక్కి నడిచారు. మరి మీకు ఇంకా గడువు ఎందుకివ్వాలి?" అని అడిగారు.

నిజంగా చెబుతున్నా, అప్పుడు నాకు ఉస్మాన్ అన్న మాట చెవిలో పడినట్టయింది. లేదని చెప్పినవాడినే ఆ మనిషి నమ్ముతానన్నాడు. నాకు భయం పోయింది.

"సార్, మూడు రెట్లు లేదు" అన్నాను. "ఇలాంటి పదార్థాలను వెలుగుతో వేడి చేసి కొలిచే వాళ్లందరికీ నాకు జరిగిన పొరపాటు జరగొచ్చు. వెలుగు వాటా ఎంతో, వేడి వాటా ఎంతో ఈ షట్టర్తో విడదీయొచ్చు. నేను నాలుగు రాళ్ల మీద విడదీశాను. నాలుగింటికీ వేడి వాటా సరిగ్గా పాత అంకెకు వచ్చింది. అంటే ఇప్పుడు నా కొలతను నమ్మొచ్చు. ఎవరూ కొలవని కొత్త రాళ్లు ఆరు చేసి పెట్టాను. వాటిని కొలవడానికి గడువు కావాలి."

ఒకాయన చివర్లో, "దీనితో ఎప్పటికైనా ఊళ్లకు కరెంటు వస్తుందా అమ్మా?" అన్నారు. నాకంటే ముందు లోపలికి పోయిన విద్యార్థులందరూ అలాంటి ప్రశ్నకు ఘనంగా ఏదో ఒకటి చెప్పుకునే వచ్చారట.

"ఇప్పట్లో రాదు సార్" అన్నాను.

ఆయన పెన్ను మూసి పెద్దాయన వైపు చూశారు. నన్ను బయట కూర్చోమన్నారు. గైడు కూడా నా పక్కన బెంచీ మీదే కూర్చున్నారు. అరగంటకు గుమాస్తా కాగితం తెచ్చి ఇచ్చాడు. రెండేళ్లు ఇచ్చారు మామా! రెండేళ్లు! గైడు కాగితం చదివి, తన కళ్లద్దాలు నా చేతికిచ్చి మొహం తుడుచుకున్నారు.

వ్యాసం మొదలుపెట్టమన్నారు. చివర కృతజ్ఞతల్లో నీ పేరు, నీ పని, మీ ఊరు రాశాను. గైడు ఒక్క అక్షరం కొట్టేయలేదు.

అమ్మకు నేనింకా చెప్పలేదు. బూత్ దాకా రెండుసార్లు పోయి వెనక్కి వచ్చాను. ఫోన్లో అమ్మ గొంతు వింటే ఏడ్చేస్తాను, ఏడుపు వింటే ఆమె నేను ఫెయిలయ్యాననుకుంటుంది. ఈ జాబును టాకీసులో నీకు ఇమ్మని రాత్రి బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నాను. రేపు ఆదివారం చర్చి విడిచే వేళకు నువ్వు జమ్మలమడుగు పోయి, నవ్వుతూ చెప్పు మామా.

విమల